ఏసీ ఇంటికి తాజా గాలి: డక్టెడ్ సిస్టమ్ వేయించాలా, గోడ యూనిట్లు చాలా?

స్ప్లిట్ ఏసీ గదిలోకి బయటి గాలిని తీసుకురాదు. లోపలి గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ లోపలికే వదులుతుంది. విజయవాడ, గుంటూరుల్లో ఏడాదిలో సగానికి పైగా రాత్రిళ్లు కిటికీలు బిగించుకునే పడుకుంటాం. ఒక కారణం ఉక్కపోత, ఇంకోటి దోమలు, రోడ్డు పక్క ఇళ్లకైతే దుమ్ము కూడా. పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉండటం, గదిలో ముక్కవాసన రావడం చాలావరకు దీనివల్లే. ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నా ఈ ఇబ్బంది పోదు. అది దుమ్మును పడుతుందే గానీ కార్బన్ డయాక్సైడ్‌ను రవ్వంత కూడా తగ్గించలేదు.

బయటి గాలిని వడగట్టి లోపలికి పంపే యంత్రాలు రెండు రకాలు. ఒకటి డక్టెడ్: ఫాల్స్ సీలింగ్‌లో ఒకే యంత్రం ఉంటుంది, దాని నుంచి పైపులు అన్ని గదులకూ వెళ్తాయి. రెండోది డక్ట్‌లెస్: గదికొక యూనిట్‌ను బయటి గోడకు రంధ్రం కొట్టి బిగిస్తారు. షోరూములో మాట్లాడేదంతా రేటు గురించి, రిమోట్ గురించి, వైఫై గురించే ఉంటుంది. కృష్ణా తీరంలో ఇల్లున్నవాళ్లు అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఏ గదికి ఎంత గాలి కావాలి, ఆ గాలితో వచ్చే చెమ్మ ఏమవుతుంది, మీ గోడ, మీ సీలింగ్ దేనికి ఒప్పుకుంటాయి. వీటిని ఇదే వరసలో చూడండి.

గాలి లెక్క

నిద్రలో ఉన్న పెద్దవాళ్లు ఒక్కొక్కరు గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. బయటి గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) దగ్గర ఉంటుంది. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న బెడ్‌రూమ్‌లో పట్టేది 37 క్యూబిక్ మీటర్ల గాలి. యూపీవీసీ కిటికీలు, తలుపు బిగిస్తే సందుల్లోంచి గంటకు ఏడెనిమిది క్యూబిక్ మీటర్లకు మించి మారదు. అలాంటి గదిలో ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ 2,500 పీపీఎం దాటి 3,000 దాకా పోతుంది. వెయ్యి చుట్టుపక్కల ఉంటే మంచి గది అనుకోవచ్చు.

మనిషికి గంటకు 30 క్యూబిక్ మీటర్ల చొప్పున లెక్కేసుకోండి. డబ్బా మీద దీన్ని సీఎంహెచ్ అని రాస్తారు. కొందరు సీఎఫ్‌ఎంలో చెబుతారు, ఒక సీఎఫ్‌ఎం అంటే 1.7 సీఎంహెచ్. ఇద్దరున్న గదికి 60 సీఎంహెచ్ ఇస్తే 850 లోపే ఆగుతుంది, 40 ఇస్తే 1,050 దగ్గర, 30 ఇస్తే 1,250 దగ్గర నిలబడుతుంది. అంటే సగం గాలితో కూడా చాలా మేలు జరుగుతుంది. ఇది గుర్తుంచుకోండి, చెమ్మ గురించి మాట్లాడుకునేటప్పుడు పనికొస్తుంది.

మొత్తం ఇంటికి చూడాలంటే, 1,500 చదరపు అడుగుల త్రీ బీహెచ్‌కేలో ఐదుగురుంటే 150 సీఎంహెచ్. అందరూ ఇంట్లోనే ఉండే రోజులకు, వచ్చిపోయే చుట్టాలకు కలిపి 180 అనుకోండి. అంతకంటే ఎక్కువ గాలి పంపాలంటే వద్దనండి. మన దగ్గర ఎక్కువ గాలి అంటే ఎక్కువ నీరు.

కొనేముందు ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరుతో వారం రోజులు మీ గదుల్లోనే కొలవండి. మీటరులో ఎన్‌డీఐఆర్ సెన్సర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచేది) ఉండాలి. చవక మీటర్లు కొన్ని వాసనలను, ఇతర వాయువులను పట్టి దాన్నిబట్టి అంచనా అంకె చూపిస్తాయి, పోపు పెట్టగానే 2,000 అంటాయి. వాటిని నమ్మి యంత్రం ఎంచుకోవద్దు. మీటరును ముందు బాల్కనీలో పావుగంట ఉంచండి. 400–450 మధ్య చూపిస్తే దాని మాట నమ్మొచ్చు.

అసలు సమస్య చెమ్మ

ఉత్తరాది చలికి, యూరప్ చలికి తయారైన యంత్రాల ప్రచారమే మనకూ వినిపిస్తుంది: 'బయటికి పోయే గాలిలోని వేడిని 90 శాతం మిగులుస్తుంది' అని. మన వాతావరణంలో ఆ అంకె ఎంతవరకు అక్కరకొస్తుందో రెండు రోజుల లెక్కలో చూద్దాం. రెండు లెక్కలూ 60 సీఎంహెచ్ గాలికి, 26 డిగ్రీల దగ్గర 55 శాతం తేమతో ఉంచిన ఏసీ గదికి వేసినవి.

రోహిణి కార్తె మధ్యాహ్నం, బయట 43 డిగ్రీలు, తేమ 30 శాతం. ఆ గాలిని గది స్థితికి తేవడానికి ఏసీ మీద పడే భారం 520 వాట్లు. అందులో 300 వాట్ల పైచిలుకు వేడిది, మిగతాది నీటి ఆవిరిది.

శ్రావణమాసంలో వాన వెలిసిన రాత్రి, బయట 28 డిగ్రీలు, తేమ 85 శాతం. ఇప్పుడు వేడి భారం 40 వాట్లు కూడా లేదు. చెమ్మ భారం 400 వాట్లు. గంటకు 600 గ్రాముల నీరు గాలితోపాటు గదిలోకి వస్తోంది, ఎనిమిది గంటల నిద్రలో దాదాపు ఐదు లీటర్లు.

ఇన్వర్టర్ ఏసీ తడబడేది ఈ రాత్రే. వేడి పెద్దగా లేదు కాబట్టి కంప్రెసర్ నెమ్మదిస్తుంది, కాయిల్ అంత చల్లబడదు, నీరు సరిగా లాగదు. రిమోట్ మీద 25 ఉన్నా ఒళ్లు జిగటగా ఉంటుంది, దుప్పటి తడితడిగా తగులుతుంది. ఇలా వారాల తరబడి సాగితే అల్మారా వెనక గోడకు, చెప్పుల స్టాండుకు, పట్టుచీరల అరకు బూజు పడుతుంది. చాలామంది సెట్టింగ్ 20కి దించేస్తారు. దాంతో గోడలు ఇంకా చల్లబడి బూజుకు మరింత అనువవుతుంది.

అందుకే హెచ్‌ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్), ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) తేడా మనకు చాలా ముఖ్యం. రెండూ లోపలికొచ్చే గాలిని, బయటికి పోయే గాలిని కలవకుండా పక్కపక్కనే పంపే యంత్రాలు. హెచ్‌ఆర్‌వీ వేడిని మాత్రమే మార్చుతుంది. ఈఆర్‌వీలో ఉండే పొర ఆవిరిని కూడా ఒక గాలి నుంచి ఇంకో గాలికి దాటిస్తుంది, కాబట్టి వచ్చే గాలిలోని చెమ్మలో కొంత భాగం వెళ్లిపోయే పొడి గాలిలోకి పోతుంది. శ్రావణ రాత్రికి హెచ్‌ఆర్‌వీ ఆదా చేసేది ఆ 40 వాట్లలోంచే. ఈఆర్‌వీ అయితే సగం చెమ్మను గుమ్మం బయటే ఆపినా 200 వాట్ల భారం తగ్గుతుంది. కంపెనీవాళ్లను 'మీ ఎఫిషియెన్సీ ఎంత' అని అడగొద్దు. 'కూలింగ్ కండిషన్‌లో లేటెంట్ ఎఫిషియెన్సీ ఎంత, ఏ సీఎంహెచ్ దగ్గర' అని అడిగి, కాగితం మీద చూపించమనండి. లేటెంట్ అంటే చెమ్మ లెక్క. చూపించలేకపోతే అది హెచ్‌ఆర్‌వీయే అనుకుని బేరమాడండి.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. ఒక్క బెడ్‌రూమ్‌కి ఈఆర్‌వీ పెడితే ఏసీ కరెంటులో రాత్రికి మిగిలేది అర యూనిట్ చుట్టుపక్కల. దాని ఫ్యాన్లు తినేది అందులోంచి తీసేస్తే ఇంకా తక్కువ. 'రెండేళ్లలో డబ్బులు తిరిగొస్తాయి' అన్న మాట ఒక గదికి కుదరదు. ఈఆర్‌వీ కొనాల్సింది చెమ్మ అదుపు కోసం. మూడు గదుల్లో ఏసీలు రాత్రంతా, మధ్యాహ్నాలు కూడా నడిచే ఇంట్లోనే కరెంటు ఆదా లెక్కలోకి వస్తుంది.

గోడ యూనిట్లలో రకాలు

డక్ట్‌లెస్ అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు యంత్రాలు అమ్ముతారు.

మొదటిది సప్లై యూనిట్. ఫ్యాన్, ఫిల్టర్ ఉంటాయి, అంతే. బయటి గాలిని వడగట్టి లోపలికి నెడుతుంది. లోపలి గాలి తలుపు కింది సందులోంచి, బాత్రూమ్ వెంటిలేటర్లోంచి తన దారిన తాను పోతుంది. నాలుగైదు అంగుళాల రంధ్రం ఒకటి చాలు. గది ఒత్తిడి బయటికంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది కాబట్టి కిటికీ సందుల్లోంచి దుమ్ము రాదు. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరి కాలనీలకు, బెంజి సర్కిల్, బందరు రోడ్డు పక్క ఇళ్లకు ఇది పెద్ద లాభం. లోటు ఏంటంటే చెమ్మను ఏమాత్రం ఆపదు. వానాకాలం రాత్రిళ్లు దీన్ని 30–40 సీఎంహెచ్‌కు తగ్గించి, ఏసీని డ్రై మోడ్‌లో గానీ 25–26 దగ్గర గానీ నడపాలి. స్పీడు తగ్గించే వీలు లేని సప్లై యూనిట్ కొనొద్దు.

రెండోది సిరామిక్ కోర్ ఉన్న జంట యూనిట్లు. ఒకటి లోపలికి గాలి తీసుకుంటుంటే ఇంకోటి బయటికి పంపుతుంది, నిమిషం, నిమిషంపావుకొకసారి దిశ మారుస్తాయి. చలిదేశాల్లో ఇవి బాగా పనిచేస్తాయి. ఇక్కడ వీటితో మూడు ఇబ్బందులున్నాయి. సిరామిక్ దాచుకునేది ఎక్కువగా వేడినే, చెమ్మను కాదు. డబ్బా మీద 50 సీఎంహెచ్ అని ఉన్నా ఒక్కో యూనిట్ సగం సమయం గాలిని బయటికే పంపుతుంది కాబట్టి దాని నుంచి లోపలికొచ్చేది సగటున 25. మూడోది, వాటి చిన్న ఫ్యాన్ ఒత్తిడి చాలా తక్కువ. సెకనుకు 8 మీటర్ల గాలి గోడకు కొడితే పడే ఒత్తిడి 38 పాస్కల్స్. ఎనిమిదో అంతస్తులో నదివైపు గోడకు పెడితే ఈదురుగాలి రోజుల్లో ఫ్యాన్ ఓడిపోతుంది. పైగా సన్న ఫిల్టర్ వేస్తే గాలి మరీ పడిపోతుంది. మా సలహా, మన ప్రాంతానికి ఇవి వద్దు.

మూడోది పొర ఉన్న చిన్న ఈఆర్‌వీ. గోడకు తగిలించుకునే డబ్బా, వెనక రెండు రంధ్రాలు, రెండు ఫ్యాన్లు. పడకగదికి చెమ్మ అదుపు, ఫిల్టర్ రెండూ కావాలంటే ఇదే సరైనది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. గాలి తీసుకునే మూతి, వదిలే మూతి ఒకే చోట ఉంటే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. బయట మూతులు ఒకటి ఒకవైపుకు, ఇంకోటి దానికి వ్యతిరేక దిశకు తిరిగి ఉండాలి, వీలైతే ఎగ్జాస్ట్‌కు చిన్న ఎల్బో వేసి దూరం జరపాలి.

డక్టెడ్‌లో చూడాల్సినవి

యంత్రం మందం సాధారణంగా 200 నుంచి 270 మిల్లీమీటర్లు. అంటే ఫాల్స్ సీలింగ్ 11–12 అంగుళాలు కిందికి దిగాలి. ఇల్లంతా అంత దించనక్కర్లేదు. బాత్రూమ్ మీద అటక ఉంటే యంత్రానికి అదే సరైన చోటు. హాల్లోకి, బెడ్‌రూముల్లోకి పైపులు మాత్రమే వెళ్తాయి, వాటికి ఆరేడు అంగుళాలు చాలు. మంచం నెత్తిన యంత్రం పెట్టనివ్వొద్దు. మోటారు ఎంత మెత్తనిదైనా అర్ధరాత్రి నిశ్శబ్దంలో వినిపిస్తుంది.

డక్టెడ్ వేయించాలో వద్దో చాలా ఇళ్లలో తేల్చేది బీమ్. హాలుకు, బెడ్‌రూమ్‌కు మధ్య బీమ్ అడ్డం ఉంటే పైపు దాని కిందుగా పోవాలి. ఇంటీరియర్ కుర్రాళ్లు 'ఒక్క 4 అంగుళాల కోర్ కొట్టేస్తే అయిపోతుంది సార్' అంటారు. బీమ్‌కు, కాలమ్‌కు రంధ్రం కొట్టించొద్దు. కొత్త గేటెడ్ టవర్లలో గోడలన్నీ కాంక్రీటే ఉంటే గోడ కూడా భారం మోసేదే కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం, లోపల ఊచలు ఎక్కడున్నాయో చూసే స్కానర్ రెండూ ఉంటేనే కోర్ కటింగ్.

పైపుకు ఫ్లెక్సిబుల్ డక్ట్ కంటే ప్లంబర్లు వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మేలు. లోపల నునుపుగా ఉంటుంది, జాయింట్లు లీకవ్వవు, వంగి కుంగదు. 110 పైపులో 60 సీఎంహెచ్ పోతే వేగం సెకనుకు 2 మీటర్లు, చప్పుడుండదు. యంత్రం దగ్గర 180 సీఎంహెచ్ మొత్తం పోయే మెయిన్ పైపు 160 ఉండాలి. ఏ పైపులోనూ వేగం 3 మీటర్లు దాటకూడదు. యంత్రానికి, మొదటి గదికి మధ్య ఒక మీటరు చప్పుడు మింగే ఫ్లెక్సిబుల్ డక్ట్ వేయండి. అది లేకపోతే ఫ్యాన్ హోరు ఒకటే కాదు, ఒక గదిలో మాట్లాడిన మాటలు పైపులోంచి పక్క గదిలో వినిపిస్తాయి. ఫ్లెక్సిబుల్ వేసినచోట పూర్తిగా సాగదీసి కట్టాలి. నలిగి, వేలాడి ఉంటే గాలి సగానికి పడిపోతుంది. డక్టెడ్ సిస్టమ్‌లలో గాలి రావట్లేదన్న ఫిర్యాదుకు మొదట వెతకాల్సిన చోటు ఇదే.

ఇన్సులేషన్ విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బయటి నుంచి యంత్రం దాకా వచ్చే పైపులో తడి గాలి ఉంటుంది, దాని చుట్టూ ఏసీ చల్లదనం. కాబట్టి నీరు పైపు లోపల పడుతుంది. యంత్రం నుంచి గదులకు వెళ్లే పైపులో చల్లబడిన గాలి ఉంటుంది, వేడి అటక గుండా పోతే నీరు పైపు మీద పడుతుంది. రెండింటికీ 13 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు చుట్టించి, అతుకులకు టేపు వేయించండి. బయటి పైపు మీటరుకు 10–20 మిల్లీమీటర్ల వాలుతో బయటికే దిగాలి. దీన్ని వదిలేస్తే మొదటి వానాకాలంలోనే జిప్సమ్ బోర్డు మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. పైఅంతస్తు బాత్రూమ్ లీకని వాళ్లతో గొడవ పడతారు.

గదుల్లోకి గాలి పంపాలి, హాల్లోంచి గానీ కారిడార్లోంచి గానీ వెనక్కి లాగాలి. వంటింట్లోంచి, బాత్రూమ్‌లోంచి లాగే పైపును ఈఆర్‌వీకి కలపొద్దు. పోపు నూనె పొర మీద పేరుకుంటే మళ్లీ పోదు, బాత్రూమ్ వాసన ఎంతోకొంత తిరిగి బెడ్‌రూమ్‌కే చేరుతుంది. వాటికి వేరే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉండాలి.

ఫిల్టర్ మార్చడానికి తలుపు గురించి ఎవరూ ముందు అడగరు. యంత్రం ఫిల్టర్ వైపు 18 అంగుళాల చదరం హ్యాచ్ ఉండాలి, కింద నిచ్చెన వేసుకునే చోటుండాలి. అల్మారా మీదుగా హ్యాచ్ పడితే ఏడాదికి ఫిల్టర్ మార్చడం మానేస్తారు, ఇక సిస్టమ్ పెట్టినా పెట్టనట్టే.

మీ ఇంటికి ఏది

ఇల్లు కడుతున్నారు, లేదా మొత్తం ఇంటీరియర్ పని చేయిస్తున్నారు, మూడు నాలుగు గదుల్లో రోజూ ఏసీ నడుస్తుంది. అయితే డక్టెడ్ ఈఆర్‌వీ. 180 సీఎంహెచ్ కావాలంటే 250 రేటింగ్ ఉన్నది తీసుకుని మధ్య స్పీడులో నడపండి. డబ్బా మీది అంకె పైపులు, గ్రిల్లులు లేకుండా కొలిచినది కావచ్చు. '100 పాస్కల్స్ దగ్గర ఎంత ఇస్తుంది' అని అడిగి ఫ్యాన్ గ్రాఫ్ తీసుకోండి. నడక ఖర్చుకు ఒక లెక్క: 100 వాట్ల యంత్రం 24 గంటలు తిరిగితే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. వేసవిలో కరెంటు బిల్లు పై స్లాబు అంచున ఉన్న ఇంటికి అది బరువే, కాబట్టి తక్కువ కరెంటు తినే డీసీ మోటారున్నదే ఎంచుకోండి.

బ్రాడీపేట, మొగల్రాజపురం లాంటి చోట్ల తొమ్మిదంగుళాల ఇటుక గోడల పాత ఇల్లు, ఫాల్స్ సీలింగ్ లేదు, ఏసీ ఒకటి రెండు గదులకే. అయితే పడకగదికొక గోడ ఈఆర్‌వీ, బడ్జెట్ తక్కువైతే స్పీడు మార్చగలిగే సప్లై యూనిట్. హాలుకు ఏమీ అక్కర్లేదు, అక్కడ తలుపులు తెరుస్తూ మూస్తూనే ఉంటాం.

అపార్ట్‌మెంట్ గోడ ఆరంగుళాలో, నాలుగున్నరో అయితే పైపు పొడవు సరిపోక కొన్ని యూనిట్లు బయటికి పొడుచుకొస్తాయి. కొనేముందు కనీస గోడ మందం ఎంతో చూసుకోండి. బయటి గోడకు రంధ్రం కాబట్టి అసోసియేషన్‌కు ముందే లెటర్ పెట్టండి.

అద్దె ఇంట్లో గోడ ముట్టుకోనివ్వరు. స్లైడింగ్ కిటికీ పట్టాలో ఒక అరను తెరిచి, ఆ ఖాళీకి సరిపడా ఎనిమిదంగుళాల వెడల్పు పాలీకార్బొనేట్ షీటు నిలువుగా బిగించి, దానికి నాలుగంగుళాల రంధ్రం చేసి సప్లై యూనిట్ పైపు అందులోంచి తీసుకోవచ్చు. సందులకు ఫోమ్ పట్టీ వేయాలి, లేకపోతే దోమలకు దారిచ్చినట్టే. ఇల్లు మారేటప్పుడు మొత్తం ఊడదీసి తీసుకెళ్లిపోవచ్చు.

ఒక ఇంట్లో బాత్రూమ్‌లోనే గ్యాస్ గీజర్ ఉంటే, ముందు దాన్ని బయటికి మార్పించండి. గాలిని బయటికి లాగే ఫ్యాన్ మాత్రమే ఉన్న మూసిన ఇంట్లో దాని పొగ వెనక్కి మళ్లుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, ప్రాణం తీస్తుంది.

గాలి ఎక్కణ్నుంచి తీసుకోవాలి

అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ పైపులు దిగే ఓటీఎస్ (పైకప్పు లేని ఓపెన్ టు స్కై) ఖాళీలోంచి గాలి ఎప్పుడూ తీసుకోవద్దు. అక్కడ డ్రైనేజీ వెంట్ పైపులు, అన్ని ఫ్లాట్ల ఎగ్జాస్ట్‌లు ఉంటాయి. సెల్లార్ ర్యాంపు మీద, జనరేటర్ పొగగొట్టం వైపు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ ఊదే వైపు కూడా వద్దు. ఔట్‌డోర్ యూనిట్ వదిలే గాలి బయటి గాలికంటే బాగా వేడిగా ఉంటుంది, దాన్నే తెచ్చి గదిలో పోసుకున్నట్టవుతుంది. డక్టెడ్ అయితే సొంత ఎగ్జాస్ట్‌కు కనీసం 2 మీటర్లు, కుదిరితే 3 మీటర్ల దూరం ఉంచండి.

తుపాను వాన మనకు ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి అడ్డంగా కొడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు సజ్జ కింద ఉన్న కిటికీల్లోంచి కూడా నీళ్లొచ్చాయంటే అదే కారణం. వేరే గోడ ఉంటే తూర్పు గోడను వదిలేయండి. లేకపోతే నోరు కిందికి తిరిగిన హుడ్, సజ్జ రెండూ ఉండాలి. పావురాలకు, బల్లులకు అడ్డంగా స్టీలు జాలీ వేయాలి. దోమల మెష్ మరీ సన్నది వేస్తే నెలలో దుమ్ముతో మూసుకుపోతుంది. అందుకే బయట పెద్ద కన్నుల జాలీ, దోమకు అడ్డం లోపలి ఫిల్టరే.

రంధ్రం, బిగింపు

110 పైపు పట్టాలంటే 5 అంగుళాల డైమండ్ బిట్ కావాలి. సుత్తి, ఉలితో కొట్టనివ్వొద్దు. బయటివైపు ప్లాస్టరు పళ్లెం అంత ఊడిపోతుంది, వాన నీళ్లు గోడలోకి దిగుతాయి. లోపలి నుంచి బయటికి ఐదారు మిల్లీమీటర్ల వాలు ఉండేలా మిషన్‌ను గోడకు బిగించాలి. బిట్ తిరిగేటప్పుడు నీళ్లు పోస్తారు, ఎర్రటి బురద గోడ వెంట కారుతుంది. కింద ఫ్లాట్‌వాళ్లకు చెప్పి, బట్టలు తీయించి, ప్లాస్టిక్ షీటు కట్టండి. గోడలో వైరింగ్ పైపు స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా గానీ అడ్డంగా గానీ పోతుంది, ఆ గీతలు తప్పించి చోటు గుర్తించాలి. పైపు దూర్చాక చుట్టూ పీయూ ఫోమ్, అది ఆరాక బయటివైపు ఎండకు తట్టుకునే సీలెంట్ పట్టీ. ఫోమ్ ఒక్కటే వదిలేస్తే రెండు ఎండాకాలాలకు పొడిపొడిగా రాలిపోతుంది.

గదిలోకి వచ్చిన గాలి బయటికి పోవడానికి దారి ఉండాలి. మూడడుగుల తలుపు కింద 15 మిల్లీమీటర్ల సందుంటే 60 సీఎంహెచ్ హాయిగా పోతుంది. గడప ఉన్న తలుపైతే ఆ సందు ఉండదు. అప్పుడు తలుపు కింది భాగంలో గానీ, పైన వెంటిలేటర్‌లో గానీ గ్రిల్ పెట్టించాలి.

చిమ్నీ వాడేటప్పుడు వంటింటి కిటికీ తెరిచి ఉంచండి. వెయ్యి సీఎంహెచ్‌కు పైగా లాగే చిమ్నీ ముందు మీ 180 సీఎంహెచ్ యంత్రం ఏపాటిది? కిటికీ మూసి ఉంటే చిమ్నీ బాత్రూమ్ ట్రాపుల్లోంచి కూడా గాలి లాగుతుంది.

డబ్బులిచ్చేముందు పరీక్ష

100 లీటర్ల చెత్త కవరు తీసుకుని, గాలంతా పిండేసి, మూతిని గ్రిల్ చుట్టూ ఆనించి పట్టుకోండి. ఎన్ని సెకన్లలో నిండిందో ఫోనులో చూడండి. 360ని ఆ సెకన్లతో భాగిస్తే సీఎంహెచ్ వస్తుంది. ఆరు సెకన్లు పడితే 60, పన్నెండు పడితే 30. ప్రతి గదిలో మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. ఒక గదిలో 80, ఇంకో గదిలో 25 వస్తే గ్రిల్ వెనక డ్యాంపర్ (గాలిని తగ్గించే, పెంచే రేకు) తిప్పి సరిచేయించండి. మనుషుల్ని అక్కడ ఉంచే చేయించండి, 'రేపొచ్చి చూస్తాం' అన్నాక రారు.

తర్వాత తలుపు మూసి, కింది సందు దగ్గర వెలిగించిన అగరబత్తి పట్టండి. పొగ గదిలోంచి హాల్లోకి వంగాలి. గదిలోకే వంగితే సప్లై తక్కువ, లాగుడు ఎక్కువ అన్నమాట. ఫ్యాన్ స్పీడులు మార్చి సప్లైని కొంచెం పైన ఉంచాలి. బయటి దుమ్ము, చెమ్మ సందుల్లోంచి చొరబడకుండా ఉండాలంటే ఇది అవసరం.

చివరిగా కార్బన్ డయాక్సైడ్ మీటరు, తేమ మీటరు రెండూ మంచం పక్కన పెట్టి ఒక రాత్రి పడుకోండి. పొద్దున 1,100 లోపు, తేమ 60 శాతం లోపు ఉంటే సరిగా కుదిరినట్టు. తేమ 65 దాటుతుంటే ముందు గాలి తగ్గించి చూడండి, యంత్రాన్ని తిట్టడం తర్వాత.

ఫిల్టర్లు, కాలాలు

విజయవాడ, గుంటూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న నగరాలే, కాబట్టి ఫిల్టర్ లేని ఫ్యాన్‌తో గాలి తెచ్చుకోవడం తెలివైన పని కాదు. ముందు ఉతికి వాడుకునే జీ4 ముతక ఫిల్టర్, దాని వెనక సన్న దుమ్మును పట్టే ఎఫ్7. చాలా ఇళ్లకు ఇది చాలు. ఇంకా సన్నదైన హెచ్13 హెపా ఫిల్టర్ వేస్తే గాలి బాగా తగ్గుతుంది, దాన్ని తట్టుకునే ఫ్యాన్ ఉన్న యంత్రానికే వేయాలి. ఓజోన్ వదిలే అయనైజర్ ఉంటే ఆపేసి వాడండి. కార్బన్ ఫిల్టర్ వాసనకే గానీ దుమ్ముకు కాదు.

ముతక ఫిల్టర్‌ను నెలకోసారి కడగాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి కోత, రవాణా జోరుగా ఉండే రోజుల్లో గుంటూరు వైపు, థర్మల్ కేంద్రం బూడిద చేరే ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు రెండు వారాలకోసారి. దులపకుండా నేరుగా నీళ్ల కింద పెట్టండి, మాస్కు వేసుకోండి. పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి, తడిది పెడితే బూజువాసన ఇల్లంతా పాకుతుంది. ఎఫ్7 కడిగేది కాదు, నలుపెక్కి చెత్త కవరు పరీక్షలో గాలి పావు వంతు తగ్గిందంటే మార్చేయాలి. ఈఆర్‌వీ పొరను మామూలు ఏసీ సర్వీసు కుర్రాడు ప్రెషర్ పంపుతో కడిగేస్తాడు. కాగితం పొర అయితే ఆ ఒక్క దెబ్బతో పాడవుతుంది. దానికి మెత్తటి బ్రష్షు, వాక్యూమ్ క్లీనర్ మాత్రమే. కడగొచ్చని మాన్యువల్‌లో రాసి ఉంటేనే నీళ్లు.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా రాత్రిళ్లు బయటే చల్లగా ఉంటుంది. మెష్ ఉన్న కిటికీలు తెరుచుకోగలిగితే యంత్రం ఆపేయొచ్చు, రోడ్డు పక్క ఇల్లయితే బైపాస్ మోడ్‌లో (వేడి, చెమ్మ మార్పిడి లేకుండా బయటి గాలిని వడగట్టి మాత్రమే తెచ్చేలా) నడపండి. ఎండాకాలం మధ్యాహ్నం 11 నుంచి 5 దాకా, గదిలో ఒక్కరే ఉంటే తక్కువ స్పీడు. దీపావళి రాత్రి, భోగి తెల్లవారుజామున పొగ తగ్గేదాకా నాలుగైదు గంటలు ఆపేసి, మూతి షట్టర్ మూసేయండి. మర్నాడు ముతక ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి, అవసరమైతే వంతు రాకముందే కడిగేయండి.